గీత ముందు విప్పిన బూట్లు

యాంగోన్‌లోని నదీతీర విశ్వవిద్యాలయపు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు పన్నెండేళ్ళుగా ఓటమి ఎరగదు. దేశంలో ఆడడానికి రెండో జట్టు దొరక్కపోవడం ఈ కీర్తికి కొంత తోడ్పడిందని గిట్టనివాళ్ళు అంటారు. గిట్టనివాళ్ళు ఏమైనా అంటారు.

ఆట లేకపోతేనేం, మూడు సంపుటాల చరిత్ర ఉంది. లత అనే పేటలో ఇనప సామాన్లు అమ్మే, బర్మా మర్యాద ప్రకారం పేరు ముందు ‘ఊ’ పెట్టించుకున్న బాపిరాజుగారు కోడిగుడ్డులాంటి తోలుబంతిని విరాళమిచ్చి శాశ్వతాధ్యక్షులయ్యారు. బంతి అద్దాల పెట్టెలో ఉంటుంది. ఏటా ఆయుధపూజనాడు దాన్ని దించి, పసుపు రాసి, బొట్టు పెట్టి, ఆటగాళ్ళకు వరసగా అందిస్తారు. బూట్లు విప్పి, రెండు చేతులా అందుకుని, కళ్ళకద్దుకోవాలి. దీన్నే శిక్షణ అంటారు.

ఆఖరి ఏడాది చదివే చంద్రరావు ఈ శిక్షణ నాలుగుసార్లు పొందాడు. అతనికి ఒక్కటే కోరిక: చదువు పూర్తయ్యేలోగా ఆ బంతితో ఒక్కసారి మైదానం చివరి గీత దాటి పాయింట్లు తేవాలి. ఈ మాట బయటపెడితే తోటివాళ్ళు జాలిపడ్డారు.

అంతలో సేక్కాన్ రేవులో ఆగిన ఓడ నుంచి పదకొండుమంది నావికులు వచ్చి, ఆడదాం రమ్మన్నారు. చంద్రరావు మనసు గంతులేసింది. బాపిరాజుగారి గుండె జారింది. ఆయన అతిథులకు దండలు వేయించి, మూడు గంటలు ఉపన్యసించి చూశారు. నావికులు ఓపిగ్గా చప్పట్లు కొట్టారు గాని కదల్లేదు. ఇక ఆడక తప్పలేదు.

రెండో నిమిషంలోనే బంతి తేలుతూ చంద్రరావు దగ్గరికొచ్చింది. ముందు ఎవరూ లేరు. గీత నాలుగడుగుల్లో ఉంది. రెండు చేతులా అందుకున్నాడు. కళ్ళకద్దుకున్నాడు. అప్పుడు చూసుకున్నాడు, కాళ్ళకు బూట్లున్నాయి! ఎంత అపచారం! బంతిని ఒళ్ళో పెట్టుకుని చతికిలబడి విప్పసాగాడు. రెండో బూటు తాడు ముడిపడింది. ఈలోగా పదకొండుమందీ వచ్చి మీద పడ్డారు.

చెయ్యి విరిగింది. ఆట అరవైకి సున్నాగా ముగిసింది.

బాపిరాజుగారు ఆస్పత్రి మంచం పక్కనే సభ పెట్టారు.

"ఓటమా? ఓటమని ఎవులన్నారు? బూటుకాళ్ళతో బంతి మొయ్యనేదు మన కుర్రోడు! చెయ్యిరిగింది గానీ సంప్రదాయం ఇరగనేదు!"

అరవై పాయింట్లూ అతిథి మర్యాద కింద సమర్పించినట్టు తీర్మానం ఆమోదించారు. రికార్డు చెక్కుచెదరలేదు. ఆ నాలుగడుగులూ తలచుకుని చంద్రరావుకు ఏడుపొచ్చింది. మెడలో దండ పడేసరికి ఏడవడం బాగుండదని ఆగాడు.

ఇప్పుడతను జట్టుకు శిక్షకుడు. ఆ బూట్లు బంతి పక్కనే అద్దాల పెట్టెలో ఉన్నాయి. బంతి అందినవారు గీత ముందు కూర్చుని బూట్లు విప్పాలన్నది కొత్త నియమం. మొన్న కొత్తగా చేరిన అరుణశ్రీ అడగనే అడిగింది.

"అన్నా, బూట్లతోనే పరిగెడితే గెలుస్తాం కదేటి?"

విరిగి అతికిన చెయ్యి చంద్రరావుకు ఒక్కసారి సలిపింది. గీత వైపు చూశాడు. అద్దాల పెట్టె వైపూ చూశాడు.

"గెలవడానికేటమ్మా, ఎవులైనా గెలుస్తారు. ముందు బూట్లిప్పు."

ఆ పిల్ల విప్పింది. నవ్వేవాళ్ళు నవ్వండి. పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకుని, తెరవకుండానే బీరువాలో పెట్టేవాళ్ళు మాత్రం కాస్త మెల్లగా నవ్వండి.