ఆరడుగుల ఈటె

మహమ్మారి కోరలకు వెరచి ఐదు నెలలు మూసుకున్న మ్యూజియం తలుపులు తెరుచుకోవడానికి సరిగ్గా గంట ముందు, శతఖడ్గశోభితమైన ఆయుధశాలలో, సందర్శకుల కోసం నేలపై అంటించిన పసుపు వృత్తాల మధ్య ఆరడుగులు లేవని, ఐదున్నరే ఉన్నాయని బయటపడింది!

కొలత టేపు ఝళిపిస్తూ ఆ ఘోరాన్ని కనిపెట్టింది టికెట్ల కిటికీ ఏలిక, క్యూరేటరు ధర్మపత్ని.

"ఏమండీ! పదింటికి ఆరోగ్యాధికారి వస్తాడు. ఒక్కటి తప్పినా మళ్ళీ తాళమే. అదలా ఉంచండి, ఒకరి తుమ్ము ఇంకొకరి మొహాన పడుతుంది!"

ఉన్నతపాదరక్షాధారి, ఎత్తుమడమల బూట్లు లేనిదే గడప దాటని క్యూరేటరు ప్రళయమేఘంలా ఉరిమాడు. "ఈ మహాపరాధానికి ఒడిగట్టిన దుస్సాహసి ఎవడు?"

"నేనేనండి," అన్నాడు ఇరవైరెండేళ్ళుగా ఆ గదిని కాస్తున్న కావలి బాబాయి. "టేపు కనబడలేదు. గోడమీది ఈటెతో కొలిచాను. గ్లౌజులు వేసుకునే పట్టుకున్నానండి. కింద చీటీలో ఆరడుగులని ఉందిగా!"

"ఈటెతోనా! రేపట్నుంచి గేటు దగ్గర కూర్చో బాబాయ్. ఈ గదిలో అడుగు పెట్టకు."

బాబాయి తల వంచుకుని గేటు వైపు కదిలాడు.

"నాటకం తర్వాత ఆడుదురుగాని, ముందు గీకండి," అంది ఆవిడ.

అంత, జగమొండి జిగురనే శత్రువు వృత్తమును విడిచి వేలినంటి, వేలిని విడిచి మోచేతినంటి, మోచేతిని విడిచి క్యూరేటరు కనుబొమనంట, కళ్ళజోళ్ళు మాస్కుల ఆవిరికి మసకబారగా, మోకాళ్ళే రథములుగా, గీకుడు రేకులే ఖడ్గములుగా ఆ ముగ్గురూ పోరాడి, ఇరవైనాలుగు వృత్తాలను పెకలించి, ఇరవైరెండింటిని టేపు సాక్షిగా పునఃప్రతిష్ఠించారు.

అధికారి వచ్చాడు, కొలిచాడు, తలూపాడు. దిగ్విజయం! తలుపులు తెరుచుకున్నాయి. తొలి సందర్శకుడు తొలి వృత్తంలో నిలిచి, దూరం పాటిస్తూనే, బాత్రూం ఎటని అడిగాడు.

అప్పుడు ఆవిడ ఈటె పక్కన టేపు చాచింది. "ఐదడుగుల ఆరంగుళాలు. ఇంతకీ ఈ చీటీ రాసిన మహానుభావుడెవరో?"

చీటీలో తోకలు తిప్పిన గుండ్రటి అక్షరాలు. ఆవిడ బీరువాలో దాచుకున్న, పెళ్ళికి ముందు వచ్చిన పాత ఉత్తరాల నిండా అవే తోకలు.

క్యూరేటరు బూట్లలోనే ఒక అంగుళం కుంగాడు.

"నేనే రాశాను. బాబాయ్, నీ తప్పేం లేదు, ఈ గది నీదే. ఏమేవ్, అది ఉద్యోగంలో చేరిన కొత్త, అప్పుడూ టేపు దొరకలేదు. పక్కన నిలబడి చూస్తే ఈటె సరిగ్గా నా ఎత్తుంది. నా ఎత్తు ఆరడుగులని నీకప్పటికే ఉత్తరంలో రాసేశాను కదే! ఇక చీటీలో వేరేగా ఎలా రాయను?"