ఖలాసీ నూకరాజు కూర్చునే విషయమై

కూర్చోవడం మనిషికి పుట్టుకతో వచ్చిన విద్య అని నమ్మేవారు ఖరగ్‌పూర్‌లో ఒక్క నెల రైల్వే ఉద్యోగం చేసి చూడాలి. ఇక్కడ కూర్చోవడం ప్రమోషన్ మీద వస్తుంది. గుమాస్తాకి చేతుల్లేని కుర్చీ, పెద్ద గుమాస్తాకి చేతులున్న కుర్చీ, సూపరింటెండెంటుకి మెత్త, దొరగారికి తిరిగే కుర్చీ, దాని వీపు మీద తువ్వాలు. (ఆ తువ్వాలుతో ఎవరూ ఏమీ తుడుచుకోరు. అది హోదా.) అందరికన్నా కిందుండే ఖలాసీకి మాత్రం రెండు పాదాలు మోపడానికి సరిపడా నేల మంజూరైంది. తెల్లవాడు పోయి పదేళ్లు దాటినా ఈ ఏర్పాటు మీద ఒక్క ఫిర్యాదూ నమోదు కాలేదు, ఎందుకంటే ఫిర్యాదులు తీసుకునే ఆయన కుర్చీలో ఎప్పుడూ ఉండరు.

ఇబ్బంది నూకరాజుతో వచ్చింది. అతనికున్నది ఒక్క పాదమే. రెండోది యుద్ధంలో బర్మా సరిహద్దున పోయింది. ఇప్పుడు మోకాలి కింద చెక్కకాలు. ఊళ్లోని ఒకానొక సామాన్ల గోదాములో (పేరు రాయను, నాకూ అక్కడ పని పడుతుంది) కిటికీ దగ్గర నిలబడి మేకులు, నట్లు అందించడం అతని ఉద్యోగం. ఒక మధ్యాహ్నం మేకుల పెట్టె మీద కూర్చుని మేకులు అందిస్తూ పట్టుబడ్డాడు. "విధినిర్వహణలో ఆసీనుడై యుండుట" అనే నేరం కింద మెమో ఇచ్చారు. ఇంకోసారి కూర్చుంటే ఉద్యోగం ఉండదన్నారు.

ఆ మెమో పట్టుకుని రూతమ్మ ఆఫీసుకొచ్చింది. అదే యుద్ధంలో మిలిటరీ ఆసుపత్రి నర్సు. ఇప్పుడు ఊళ్లోనే పూరీ గేట్‌లో ఉంటూ పొద్దున్న జనానికి ఇంజెక్షన్లు పొడుస్తుంది. మిగతా పొద్దంతా పాత సిపాయిల తరఫున ఆఫీసులను పొడుస్తుంది. ఆసనార్హతల శాఖ సూపరింటెండెంటు సోమేశ్వరరావుగారు మెత్త మీద సర్దుకుని, ఆమెను నిలబెట్టి విన్నారు.

"ఏటి బాబూ, ఒక్క స్టూలే కదా నానడిగినాను," అంది రూతమ్మ. "ఆ కాలు కోసిననాడు పక్కనున్నది నానే. మత్తుమందు సాలక నా సెయ్యి పట్టుకుని ఏడిసినాడు. ఇప్పుడు రోజల్లా నిలబడితే ఆ మొండికాలు పుండవుతాది. సీము పడితే మళ్లీ పైకి కొయ్యాల."

"మీ సేవ గొప్పదమ్మా, కాదనను. కానీ స్టూలు కూడా ఆసనం కిందికే వస్తుంది. నాలుగో తరగతికి ఆసనం లేదు."

"ఆడికి కాలూ నేదు బాబూ."

ఆ మాట నోట్ చేసుకున్నారు. (ఈ శాఖలో నోట్ చేసుకోవడమే సానుభూతి.)

నెల తిరిగేసరికి తీర్పు వచ్చింది. అలసట మాంసపు కాలికే గాని చెక్కకాలికి ఉండదు, కనుక సదరు ఖలాసీ మామూలు మనిషి కన్నా సగమే అలసిపోతాడని శాఖ తేల్చింది. అయినా దయతలచి, గోడకు ఆనుకోవడానికి అనుమతించింది. గోడ మాత్రం వేరే శాఖది. గోడల శాఖవారు తమ గోడను పైకప్పు బరువుకే లెక్కగట్టి కట్టారనీ, సిపాయిల బరువు అందులో చేర్చలేదనీ జవాబిచ్చారు. రెండు శాఖల మధ్య మనస్పర్థలు రాకూడదని ఒక కమిటీ వేశారు. కమిటీ ఆలోచించాలంటే కూర్చోవాలి కాబట్టి చేతులున్న కుర్చీలు ఆ రోజే మంజూరయ్యాయి.

రూతమ్మ విసిగిపోయి తన ఇంట్లో స్టూలు రిక్షాలో వేసుకొచ్చింది. గోదాము గేటు దగ్గర జమాదారు ఆపాడు.

"ప్రైవేట్ ఫర్నిచర్ లోపలికి పోదు దీదీ."

"మరి ఆడి సెక్కకాలు ఎలా పోతంది? అదీ సొంతవే కదా."

జమాదారు మంచివాడు గనుక ఆ మాట పైవాళ్లకి చెప్పలేదు. చెప్పి ఉంటే కాలు కూడా గేటు దగ్గరే ఉండిపోయేది. స్టూలును మాత్రం స్వాధీనం చేసుకుని కమిటీ గదిలో పెట్టారు. నేనేదో పనిమీద వెళ్లినప్పుడు చూశాను, దాని మీద నూకరాజు ఫైలు కూర్చుని ఉంది. నాకు ఒళ్లు మండింది. మండినట్టు తెలిస్తే నా పని ఆగిపోతుంది కాబట్టి నమస్కారం పెట్టి వచ్చేశాను.

కొన్నాళ్లకి అమరవీరుల సభ రైల్వేవారి ట్రాఫిక్ మైదానంలో జరిగింది. రూతమ్మకు డయాస్ మీద కుర్చీ వేసి, దండ వేసి, రెండు మాటలు మాట్లాడమన్నారు.

"నాకు దండొద్దు బాబూ. నూకరాజుకి ఒక స్టూలిప్పించండి. ఆడి పుండు మళ్లీ రేగింది," అంది.

దొరగారు ఆమె హాస్యచతురతను మెచ్చుకుని చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత వీరజవాన్ల గౌరవార్థం రెండు నిమిషాలు మౌనంగా నిలబడదామన్నారు. అందరూ నిలబడ్డారు. మళ్లీ అందరూ కూర్చున్నారు, పైన కుర్చీల్లో వాళ్లు, కింద జంపఖానా మీద మేం. నూకరాజు కూర్చోలేదు. ఆ చెక్కకాలితో నేలమీద కూర్చుంటే మళ్లీ లేవలేడు. అది చూసి రూతమ్మ తన కుర్చీ ఎత్తి కిందికి తేబోయింది. బంట్రోతు పట్టుకున్నాడు.

"ఇది డయాస్ కుర్చీ అమ్మా. కిందికి దించడానికి ఆర్డర్ లేదు."

ఆమె కుర్చీ వదిలేసి, దిగివచ్చి నూకరాజు పక్కన నిలబడింది.

"నువ్వెళ్లి కూసో అప్పా," అన్నాడతను.

"నా కాళ్లకేటయింది? బరువు నా బుజం మీదెయ్యి."

దొరగారు జవాన్ల త్యాగం గురించి చాలాసేపు మాట్లాడారు. అయ్యేదాకా ఇద్దరూ అలాగే నిలబడ్డారు. చెక్కకాలి పట్టీ దగ్గర నూకరాజు ప్యాంటు నెత్తురుతో తడిసింది.

మర్నాడే కమిటీ తీర్మానం వెలువడింది. ఆ శాఖ ఇంత చురుగ్గా ఎన్నడూ పనిచేయలేదు.

"సభలో అందరూ కూర్చున్న తరువాత కూడా సదరు ఖలాసీ చివరిదాకా నిలబడి యుండుటను అధికారులందరూ కూర్చుని స్వయంగా చూచినారు. నిలబడగలడని రుజువైనది. స్టూలు అక్కరలేదు. ఫైలు మూసివేయడమైనది."