మణుగూరు క్యాసెట్టు

శనివారం పొద్దున వెంకటప్పయ్య పెట్టుకున్న పని ఒక్కటే. స్నానం చేసి, దేవుడి దగ్గర దీపం పెట్టి, వసారాలో టేపురికార్డరు ముందు కూర్చుని జంపయ్య బృందం భజన వినాలి. ఆయనకది చిన్న పనే, ఇంటికి మాత్రం గండం. ఆ క్యాసెట్టు తిరుగుతున్నంతసేపూ రోట్లో పచ్చడి నూరకూడదు, బావి గిలక మోగకూడదు. గేదె అరిచినా ఆయన గేదె వంక కాక భార్య భారతమ్మ వంకే గుర్రుగా చూసేవాడు.

"ఏందే ఆ చప్పుడు?"

"పోపు."

"రామనామం నడుస్తుంటే పోపేంది?"

"మరి అన్నంల రామనామమే కలుపుకొని తింటరా?" అని భారతమ్మ మూకుడు మీద ఠంగుమని మూత పెట్టింది.

ఆ క్యాసెట్టు ఆయన స్వయంగా పట్టింది. మణుగూరు కాలనీ గుడిలో పగలూ రాత్రీ ఆగని ఏకాహ భజన జరిగిన నాడు అడవి పల్లెల బృందమొకటి వచ్చింది. జంపయ్య పాడతాడు, బొజ్జయ్య డోలక్ వాయిస్తాడు. ఒక్క నామం అందుకున్నారంటే ఇక దాన్నే తిప్పి తిప్పి, ఒకసారి పాడినట్టు మళ్లీ పాడకుండా పూటంతా నడిపిస్తారు. వెంకటప్పయ్య టేపురికార్డరు ఒళ్లో పెట్టుకుని, దుమ్ము పడకుండా తువ్వాలు కప్పి, దగ్గినవాళ్లనూ గుసగుసలాడినవాళ్లనూ కళ్లతోనే కాలుస్తూ కూర్చున్నాడు. ఆ కోపంలో ఆయన చెవిన పడిన భజన తక్కువే. ఇంటికొచ్చి, కరెంటుకు తగిలించి విన్నాకే అసలు సంగతి తెలిసింది.

మొదట నామం ఎద్దుబండిలా నిదానంగా సాగుతుంది. తర్వాత, ఎక్కడ మొదలైందో తెలియకుండా వేగం పెరుగుతుంది. గొంతు మెట్టు మెట్టుగా పైకెక్కుతుంది. చివరికొచ్చేసరికి బొజ్జయ్య వేళ్లు రేకుల మీద వడగళ్లలా కురుస్తాయి. నెత్తి నెరిసిన జంపయ్య గొంతు పసిపిల్ల గొంతంత సన్నగా, ఎక్కడో ఆకాశంలో పలుకుతుంది. అక్కడికి రాగానే వెంకటప్పయ్యకు కళ్లనీళ్లు ఆగేవి కావు. స్వామి వచ్చి ఆ ముసలివాడి నాలుక మీద నిలిచాడన్నది ఆయన నమ్మకం.

సరిగ్గా స్వామి నిలిచిన ఆ చోటుకే భారతమ్మ తమ్ముడు వెంకటనారాయణ గుమ్మంలోకి వచ్చి పకపకా నవ్వాడు. అతను ఊరి భజన సంఘానికి పెద్ద.

"ఏంది బావా, ఇది భజనా, పిచ్చుకల కొట్లాటా? మనిషన్నోడు గట్ల పాడతడా?"

వెంకటప్పయ్య ముఖం మందారమైంది. "నీ సంఘం పాడితే మా గేదె పాలియ్యదు. నువ్వా చెప్పేది?"

"అయితే పిలిపియ్. మన గుడిల పాడిపియ్. మేం గూడ ఇంటం."

"పిలిపిస్త! వచ్చే ఏకాదశికే పిలిపిస్త. నామం గిట్ల ఎక్కలేదనుకో, ఈ టేపురికార్డరు నీ సంఘానికే ఇచ్చేస్త. పో!"

లోపల్నుంచి భారతమ్మ వచ్చింది. "నేనొక మాట చెప్త, జర వినుండ్రి."

"నామం అయ్యేదాక నోరిప్పకు!"

"సరే. ఇప్పను," అని ఆమె చేటలో బియ్యం విసురుగా ఎగరేసుకుంటూ లోపలికి పోయింది.

ఇక ఆయన కోపానికి ఊరు చాల్లేదు. గుడి మైకులో క్యాసెట్టు పెట్టించి అందరికీ వినిపించాడు. బొజ్జయ్య చేతికి ఆరు వేళ్లున్నాయని పుకారు పుట్టింది. వాటిని చూడ్డానికి తిరుమలాయపాలెం నుంచి డోలక్ వాయించేవాళ్లు బస్సెక్కారు. స్వామి ఒంట్లోకొచ్చే మనిషి వస్తున్నాడని ఆడవాళ్లు పసుపునీళ్లు కలిపారు. ఏకాదశి పొద్దున జంపయ్య జీపు దిగీ దిగకముందే వాళ్లలో సైదమ్మ అనే ఆమె బిందెడు నీళ్లతో కాళ్లు కడిగేసింది.

"నాకేమైందమ్మా?" అన్నాడు జంపయ్య బెదిరిపోయి.

భజన మొదలైంది. నామం నిదానంగా, నిండుగా సాగింది. పెద్దవాళ్లు కళ్లు మూసుకుని తలలూపారు. అంత చక్కటి భజన ఆ గుడిలో అంతకు ముందు జరగలేదు. వినకుండా ఉన్నవాడు వెంకటప్పయ్య ఒక్కడే. వేగం ఎప్పుడు పెరుగుతుందా అని ఆయన ముళ్ల మీద కూర్చున్నాడు. ఎదురుగా వెంకటనారాయణ మీసం దువ్వుకుంటున్నాడు.

"ఎక్కియ్ జంపయ్యా!" వెంకటప్పయ్య ఉండబట్టలేక అరిచాడు.

జంపయ్య కొంచెం ఎక్కించాడు.

"ఇంక! ఆనాడెట్ల పాడినవ్? ఈ ఊరికొచ్చేసరికి గొంతు దాచుకుంటవా?"

ఆ మాటకు జంపయ్యకు రోషం వచ్చింది. బొజ్జయ్యకు సైగ చేసి పరుగందుకున్నాడు. గొంతు చీలికలైంది, దగ్గు తెర కమ్మింది. డోలక్ చర్మం ఫట్టుమని పగిలింది. తాళం తాడు తెగి ఎగిరివెళ్లి పులిహోర గంగాళంలో పడింది. వెంకటప్పయ్య లేచి నిలబడ్డాడు.

"మోసం! నన్ను నగుబాటు చెయ్యాలని వచ్చిన్రు!"

జంపయ్య కూడా లేచాడు. "అప్పయ్యగారూ, మేం మనుషులం. పిలిస్తే వచ్చినం, దేవుడికి పాడినం. మిమ్మల్ని గిల్లినమా? గట్ల మేం ఎన్నడు పాడలే!"

"పాడలేదా? పెట్టండ్రా క్యాసెట్టు!"

క్యాసెట్టు తిరిగింది. జంపయ్య చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. నామం ఎక్కింది, ఇంకా ఎక్కింది, ఆకాశంలో పలికింది. అందరూ జంపయ్య ముఖమే చూస్తున్నారు.

"నామం నాదే," అన్నాడు చివరికి. "గొంతు మాత్రం మా మనవరాలిది లెక్కుంది."

గుడంతా గొల్లుమంది. ఆ నవ్వులోనే భారతమ్మ ముందుకొచ్చింది.

"నామం అయిందా? ఇగ నోరిప్పచ్చా?"

ఈసారి గుడంతా ఆమె వైపు తిరిగింది.

"మీరు మణుగూరు పోయే ముందు రాత్రి చేన్ల పందులు పడ్డయి. బ్యాటరీ లైటు సరిగ వెలగలే. టేపురికార్డరుల కొత్త సెల్లు తీసి లైటుల ఏసిన. లైటుల పాత సెల్లు దాంట్ల పెట్టిన. ఆ శనివారమే చెప్పబోయిన, విన్లే."

అర్థం కావడానికి క్షణం పట్టింది. సెల్లులు నీరసించే కొద్దీ టేపు ఈడ్చుకుంటూ తిరిగింది. అట్లా పట్టిన పాటను ఇంట్లో నిండు కరెంటు మీద తిప్పేసరికి అది పరుగందుకుంది. వెంకటనారాయణ నిమిషం ఆలస్యం చెయ్యలేదు. టేపురికార్డరు తీగ చుట్టి, చంకన పెట్టుకుని పోయాడు. వెంకటప్పయ్య పగిలిన డోలక్ వైపు చూసి, జంపయ్యకు చేతులు జోడించి తలొంచుకున్నాడు.

ఆ తర్వాత ఇల్లు నిశ్శబ్దమైంది. పోపు నిర్భయంగా చిటపటలాడింది. వెంకటప్పయ్య మాత్రం దేవుడి పటం ముందు చాలాసేపు కూర్చునేవాడు. స్వామి రాలేదంటే ఒప్పుకోవచ్చు. మరి తన కళ్లలో వచ్చిన నీళ్ల మాటేమిటి? అవి నీరసపడ్డ సెల్లులకు వచ్చినవా? పటంలో స్వామి ఎటూ తేల్చలేదు.

కొన్నాళ్లకు వెంకటనారాయణ దొడ్డి గుమ్మంలో తచ్చాడుతూ కనబడ్డాడు.

"అక్కా, మా సంఘం భజన టేపు పట్టిన. కొత్త సెల్లేసి పట్టిన."

"ఎట్లొచ్చింది?"

అతను నేల చూపులు చూశాడు. "మేం ఎట్ల పాడినమో అట్లనే వచ్చింది."

"అయితే?"

"ఆ పాత సెల్లు... ఇంకా ఉన్నయా?"

వసారాలోంచి కేక వినబడింది. "ఇయ్యకే! అవి నావి!"

భారతమ్మ పొయ్యి వైపు తిరిగింది. పోపులో కరివేపాకు వేసింది. టేపురికార్డరు పోకముందే తీసిపెట్టిన ఆ సెల్లులు దేవుడి గూట్లో, కుందుల వెనక భద్రంగా ఉన్నాయి. ఎవరు ముందుగా పచ్చడి నూరిపెడితే వాళ్లకిద్దామని ఆమె ఉద్దేశం.