పదిహేను నుంచి పదిహేను వరకు

చివరి రోజును లెక్కలోంచి తీసేయడం కంటే గొప్ప సంస్కరణ మన కృష్ణా తీరంలో ఈ యాభై ఏళ్లలో జరగలేదని ఘంటాపథంగా చెప్పగలను. నవ్వకండి!

ఆ సంస్కర్త మా మేనల్లుడు జయంత్. బెంజ్ సర్కిల్ దగ్గర సాఫ్ట్‌వేర్ కంపెనీలో, ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ అనే మడి గట్టుకున్న పద్ధతిలో కోడ్ రాస్తాడు. ‘ఇక్కడి నుంచి ఇక్కడి వరకు’ అనగలిగే ప్రతిదానికీ పనికొచ్చేలా ఒకే ఒక్క కోడ్ రాశాడు. గంటలు, తేదీలు, కిలోలు, పేజీలు, ఏవైనా సరే! మొదటిది కలుపుకుంటుంది, చివరిది వదిలేస్తుంది.

“చివరిదేం పాపం చేసిందిరా?” అన్నాను.

“పది నుంచి పదిహేను ఒకరికి, పదిహేను నుంచి ఇరవై ఇంకొకరికి ఇచ్చామనుకో మావయ్యా. పదిహేనో తారీఖు ఎవరిది? రెండోవాడిదే. ఇంక గొడవేం ఉంటుంది?”

ఎంత శాంతికాముకుడు! పెళ్లి భోజనాల్లో ఈ పద్ధతి పెడితే ఎంత హాయి! పప్పు నుంచి పెరుగు వరకు అని పిలిచి, సాంబారు దగ్గరే విస్తళ్లు ఎత్తేయొచ్చు. ఉయ్యూరు వరకు టిక్కెట్టు కొన్నవాళ్లను ఊరి పొలిమేరలో దింపేస్తే బస్టాండులో తోపులాట ఎక్కడిది? పది వరకు ఎక్కాలు రావాలంటే పిల్లలు తొమ్మిదో ఎక్కం చదివి ఆటలకు పోవచ్చు.

ఈ ప్రోగ్రామును ఓ చక్కెర ఫ్యాక్టరీ కొనుక్కుంది. ఏ రైతు ఏ రోజు చెరకు కొట్టి తోలాలో చెప్పే కటింగ్ ఆర్డర్లు ఇప్పుడు అదే ఇస్తుంది. ఇరవై ఎకరాల ఆసామికి పది నుంచి పదిహేను వరకు వచ్చింది. ఒక రోజు పోయింది. నాలుగు ట్రాక్టర్లు ఎక్కువ పెట్టి తోలేసుకున్నాడు.

అదే ఫ్యాక్టరీకి చెరకు తోలే తెరేసమ్మగారిది అర ఎకరం. ఒక్క రోజు చాలు. అందుకని పదిహేను నుంచి పదిహేను వరకు అని వచ్చింది.

లెక్క చూడండి. మొదలు పదిహేను. చివర పదిహేను. చివరిది వదిలేయాలి. ఏం మిగిలింది? ఆర్డరుంది, అందులో రోజు లేదు! ఇంత నిర్మలమైన ఆర్డరు లోకంలో ఎవరైనా ఇచ్చారా?

పాపం, ఆవిడకు ఈ వేదాంతం తెలియదు. పొద్దున్నే కూలీలను పెట్టి కొట్టించి, రెండు ట్రాక్టర్లు గేటు దగ్గరికి తోలించింది.

“కంప్యూటర్లో మీకసలు రోజే లేదమ్మా,” అన్నాడు గేటు గుమాస్తా.

“అదేంటండీ, కాయితం మీద పదిహేనని ఉందిగా! ఇయ్యాల పదిహేనే కదండీ?”

“నిజమేనండీ. కానీ కంప్యూటరు ఒప్పుకోవట్లేదు.”

కొట్టిన చెరకు గంటగంటకూ ఎండి బరువు తగ్గిపోతుంది. కొత్త ఆర్డరు ఐదో రోజున వచ్చింది. అప్పటికి సగం గడలు పొయ్యిలోకి పనికొచ్చేలా తయారయ్యాయి. ఏడాది పంట! అయినా అదృష్టవంతురాలు, ఈ ఏడు వంటచెరకు కొనక్కర్లేదు.

ఈ శుభవార్త చెబుదామని జయంత్ దగ్గరికి వెళ్లాను. వాడు కంప్యూటర్లో సెలవు పెట్టుకుంటున్నాడు. శుక్రవారం నుంచి శుక్రవారం వరకు అని కొట్టాడు. ‘ఒక రోజు సెలవు మంజూరు’ అని వెంటనే పచ్చగా వెలిగింది.

“ఇదేంటిరా? సున్నా రావాలిగా! ఇది వేరేవాళ్ల కోడా?”

“అదీ నాదే మావయ్యా. చివరి రోజు కలవాలంటే ఒక్క ముక్క మారిస్తే చాలు, నిమిషం పని. దీంట్లో మార్చాను.” నా అమాయకత్వానికి జాలిపడ్డాడు. “ఇది మేం వాడుకునేది కదా!”