ప్రసంగం ఎన్ని కేబీలండీ?

ఫైలు తెరవకుండానే దాని సైజు చెప్పే కంప్యూటర్ ప్రోగ్రాం పవర్‌షెల్ వచ్చాక, మానవజాతికి చదవాల్సిన ఖర్మ తప్పింది! నమ్మకపోతే కొవ్వూరులో డీటీపీ సెంటర్ నడిపే విజయ్ పాల్‌ని చూడండి.

రైట్ క్లిక్ కొట్టినా సైజు కనిపిస్తుంది కదా అంటారా? కనిపిస్తుంది. కానీ చెయ్యి తిరిగినవాడు మౌస్ ముట్టుకుంటాడా! పవర్‌షెల్ నీలం తెర మీద ఒక్క కమాండ్ కొడితే చాలు, ఫోల్డర్లో ఫైళ్ళన్నీ సైజులతో సహా వరసకట్టి నిలబడతాయి. ఏం ఫైళ్ళనుకున్నారు? చర్చిలో అయ్యగారు చెప్పబోయే ఆదివారం ప్రసంగాలు!

కంప్యూటర్ కొన్న దగ్గర్నుంచి అయ్యగారు తన ప్రసంగం తానే టైపు చేసుకుని, పోతుందేమోనన్న భయంతో శనివారం ఒక కాపీ విజయ్ పాల్ దగ్గర దాచేవారు. అతను తెరిచేవాడు కాదు. కొలిచేవాడికి చదివే పనేంటి? కొలిచి, ప్రసంగం ఎంత పొడుగో సంఘానికంతా కబురు పెట్టేవాడు. ఇరవై కేబీలంటే పొయ్యి మీద పప్పు పెట్టి రావచ్చు. నలభై అయితే పిల్లలకి బిస్కెట్లు తెచ్చుకోవాలి. ఈ సౌకర్యం పెద్ద పెద్ద పట్నాల్లో మాత్రం ఉందా?

ఇంత సేవకి అతనికి దక్కేది ఒక్కటే. ఆదివారం మధ్యాహ్నం, సంఘంలో పెద్దావిడ పాపాయమ్మగారింట్లో కోడికూర. వారమంతా అతను బతికేది దాని కోసమే.

ఒక శనివారం కమాండ్ కొట్టగానే విజయ్ పాల్‌ కళ్ళు నులుముకుని మళ్ళీ కొట్టాడు. మూడు ఎంబీలు, మూడు వేల కేబీలు! అంటే పొద్దుగూకేదాకా ఎవరూ కదిలేది లేదు. ఊరంతా ఫోన్లు వెళ్ళాయి. "రేపు కోడిని కొయ్యకండమ్మా, మధ్యాహ్నానికి మనం ఇంటికి చేరం" అని పాపాయమ్మగారికి చెబుతుంటే అతనికి ఏడుపొక్కటే తక్కువ.

ఆదివారం జనం ఉప్మా క్యారియర్లతో, గాలి దిండ్లతో దిగారు. పిల్లలకి ఒకళ్ళు చాప కూడా తెచ్చారు. అయ్యగారు నింపాదిగా లేచి, ఒక పెద్ద ఫోటో పైకెత్తి చూపించారు. పోయిన వారం ప్రసంగం మధ్యలో ఆయనే తీసింది. ఫోటోలో అందరూ వాచీలు చూసుకుంటున్నారు. ముందు వరసలో విజయ్ పాల్ నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.

"ఫైల్లో ఉన్నది ఈ ఫోటో ఒక్కటేనండి. ఈ వారానికి ఇంతే, ఇళ్ళకెళ్ళి భోంచేయండి" అన్నారు అయ్యగారు.

భోంచేయడమా! కోడి పాపాయమ్మగారి దొడ్లో హాయిగా తిరుగుతోంది. విజయ్ పాల్ గుండె చెరువైంది.

"వెళ్ళేముందు ఒక్క మాట. పోయిన వారం నేను దేని గురించి చెప్పానండీ?"

పాపాయమ్మగారు పక్కావిడ వైపు చూశారు, పక్కావిడ ఫ్యాను వైపు చూసింది. విజయ్ పాల్ ఒక్కడే ధైర్యంగా లేచి నిలబడ్డాడు.

"ముప్పై ఎనిమిది కేబీలండి!"