మాస్టారి మొదటావిడ

పెళ్లిళ్లు లేని నెల వస్తే ఏ పెళ్లి ఫొటోగ్రాఫరైనా రెండు పూటలా తిని నిద్రపోతాడు. మన ఫొటోగ్రాఫర్ మాత్రం బ్యాగు సర్దుకుంటాడు. పదేళ్ల కిందట తను పెళ్లి ఫొటోలు తీసిన జంటలు ఎక్కడెక్కడున్నారో వెతుక్కుంటూ వెళ్లి, వాళ్లని అప్పట్లాగే నిలబెట్టి మళ్లీ ఫొటో తీయడం ఆయన సొంత పిచ్చి. అప్పటిదీ ఇప్పటిదీ పక్కపక్కన పెట్టి పెద్ద ప్రదర్శన చేయాలని కోరిక. "సెలవొస్తే జనం పని మర్చిపోతారు. మీరు సెలవు పెట్టి మరీ పాత పనే మళ్లీ చేస్తారు," అని భార్య ఆ ఆదివారం పొద్దున కూడా అంది. అంటూనే బస్సులో తినడానికి పొట్లం కట్టిచ్చింది.

ఆ రోజు వెళ్లాల్సింది మామూలు జంట దగ్గరికి కాదు. ఆ పెళ్లికూతురి ఫొటోయే పదేళ్లుగా షాపు ముందు అద్దం వెనక నిలబడి గిరాకీ తెస్తోంది. కిటికీ పక్కన కుర్చీ, కుర్చీ మీద చెయ్యేసి నిలబడ్డ కోలమొహం అమ్మాయి, ఆమెనే చూస్తున్న పెళ్లికొడుకు. ప్రదర్శనకి హాలు ఇస్తానన్న పెద్దమనిషి కూడా ఆ జంట ఉంటేనే ఇస్తానన్నాడు. రోజూ షట్టరెత్తగానే కనపడే మొహం కాబట్టి, కట్టుకున్న భార్య మొహం కన్నా అదే తనకి బాగా తెలుసునని ఫొటోగ్రాఫర్ నమ్మకం. ఈ నమ్మకం సంగతి ఇంట్లో ఎప్పుడూ ఎత్తలేదు.

ఆనాటి పెళ్లికొడుకు ఇప్పుడు డ్రైవింగ్ స్కూలు మాస్టారు. ఫోన్లో తెగ సంబరపడ్డాడు. భార్యకి ముందుగా ఏమీ చెప్పననీ, ఎవరో ఫొటో తీయడానికి వస్తారని మాత్రం చెప్పి ఉంచుతాననీ అన్నాడు. పాత ఫొటో తప్పకుండా తెమ్మని రెండుసార్లు గుర్తు చేశాడు. దాన్ని పెద్ద సైజులో వేయించి, కాగితం చుట్టి, చంకలో పెట్టుకుని ఫొటోగ్రాఫర్ మూడో అంతస్తు ఎక్కి బెల్లు కొట్టాడు.

తలుపు తీసినావిడ చేతిలో ఎర్ర పెన్ను ఉంది. లోపల టేబుల్ మీద దిద్దాల్సిన లెక్కల పేపర్లు గుట్టగా ఉన్నాయి. గుండ్రటి మొహం, ముక్కు పక్కన మినపగింజంత పుట్టుమచ్చ, నవ్వితే ముందుపళ్ల మధ్య సందు. మాస్టారు ఎవరికో కారు నేర్పడానికి వెళ్లారు, వచ్చేస్తారు, కూర్చోమంది. "నేను ఆయన భార్యని. ఫొటోలాయన మీరేనా?"

ఫొటోగ్రాఫర్ గుండె మూడంతస్తులూ దిగిపోయింది. ఈవిడ ఆవిడ కాదు. భార్యకి చెప్పనన్నాడంటే ఇదన్నమాట సంగతి. మొదటావిడ ఏమైందో, ఆ పెళ్లి జరిగినట్టు ఈవిడకి తెలుసో లేదో. తెలియకపోతే, చంకలో ఉన్నది ఫొటో కాదు, ఈ కొంపకి నిప్పు. మరి మాస్టారు పనిగట్టుకుని పాత ఫొటో ఎందుకు తెమ్మన్నాడని ఎవరైనా ఆలోచిస్తారు. ఫొటోగ్రాఫర్ ఆలోచించలేదు, భయపడ్డాడు. ఒకవేళ ఈవిడ కూడా ఆ పెళ్లికి వచ్చి ఉన్నా, తనని గుర్తుపడుతుందనే బెంగ మాత్రం లేదు. పెళ్లిలో అందరూ ఫొటోగ్రాఫర్ వైపే చూస్తారు గానీ ఆయన మొహం ఒక్కరికీ గుర్తుండదు.

"ఇంతకీ ఏం ఫొటో? ఆయన సరిగ్గా చెప్పలేదు," అందావిడ.

"డ్రైవింగ్ స్కూలు బోర్డు కోసం మేడమ్."

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఇది మరీ అతికిపోయింది. తుప్పు పట్టిన ఆ పాత బోర్డు మార్చమని ఆవిడ ఎన్నేళ్లుగానో పోరుతోందట. వెంటనే మొగుడికి ఫోన్ చేసి, ఇంత మంచి పని చేస్తూ తన దగ్గర దాచినందుకు ముద్దుగా కోప్పడింది. అవతల మాస్టారు, ఫొటోగ్రాఫర్ భలే తెలివిగా రహస్యం కాపాడుతున్నాడనుకుని, బోర్డే, పెద్ద బోర్డు, నాలుగు రోడ్ల కూడలిలో పెట్టిస్తానని ఒప్పేసుకున్నాడు. ఆవిడ ఆగలేదు. కింద అంతస్తులో బోర్డులు రాసే పెయింటర్ ఉంటాడు. అతన్ని కేకేసి పిలిచింది. అతను టేపు పట్టుకుని మరీ వచ్చాడు.

పెయింటర్ పనిమంతుడు. మొహం ఎంత, అక్షరాలు ఎంత, కారు ఏ మూల అని ప్రశ్నల మీద ప్రశ్నలు వేశాడు. ఫొటోగ్రాఫర్ అన్నింటికీ పెద్దదే, పెద్దదే అని జవాబిచ్చాడు. అలా అయితే మీ పనితనం ఒకటి చూపించండి, సైజు అంచనాకొస్తుంది అంటూ పెయింటర్ ఆ కాగితం చుట్టిన ఫొటో మీద చెయ్యేశాడు. ఫొటోగ్రాఫర్ దాన్ని పసిబిడ్డలా గుండెలకి హత్తుకున్నాడు.

"ఇది వేరేవాళ్లది."

"ఎవరిదండీ?" అందావిడ.

"ఒకావిడది. పోయారు."

అనవసరంగా ఒక మనిషిని చంపానే అని నోరు జారాక అనిపించింది. కానీ పోయినవాళ్ల ఫొటో విప్పమని ఎవరూ అడగరని కాస్త ధైర్యం. అడగలేదు నిజమే, ఆరా తీశారు. ఎప్పుడు పోయింది, పిల్లలున్నారా, ఆ మొగుడు ఏమయ్యాడు. పదేళ్లయిందని, పిల్లల సంగతి తెలియదని, మొగుడు బాగానే ఉన్నాడని ఫొటోగ్రాఫర్ చెమటలు తుడుచుకుంటూ చెప్పాడు. మగవాళ్లు బాగానే ఉంటారులెండి అని ఆవిడ నిట్టూర్చింది. సరిగ్గా అప్పుడే ఆ మగవాడు తాళాలు తిప్పుకుంటూ లోపలికొచ్చాడు.

"తెచ్చారా? ఆవిడ ఫొటో తెచ్చారా?"

సంబరంలో దాచాలన్న సంగతే మర్చిపోయాడు. పోయినావిడ మీకెలా తెలుసని భార్య అడిగింది. ఎవరు పోయారని మాస్టారు అడిగాడు. ఇద్దరూ కలిసి ఫొటోగ్రాఫర్ వైపు చూశారు. ఎరక్కపోయి వచ్చి ఇరుక్కుపోయానని ఆయనకి పూర్తిగా తెలిసొచ్చింది. మాస్టారి మోచెయ్యి పట్టుకుని బాల్కనీలోకి ఈడ్చుకెళ్లి తలుపు మూశాడు. పక్కనున్న వంటింటి కిటికీ తెరిచి ఉన్న సంగతి చూసుకోలేదు.

"భయపడకండి. మీ మొదటావిడ గురించి నేను ఒక్క మాట కూడా బయటపెట్టలేదు."

"మొదటావిడా?" అన్నాడు మాస్టారు. వెంటనే కిటికీలోంచి భార్య గొంతు కూడా వచ్చింది. "ఎవరండీ మొదటావిడ?"

నేర్చుకునేవాళ్లు లారీకి ఎదురెళ్లినా చెమర్చని మనిషి మాస్టారు. అలాంటివాడు ఒక్కసారిగా తడిసిపోయాడు. ఏ పాపమూ ఎరగనివాడికి తప్పు చేసినవాడిలా కనపడకుండా ఉండటం చేతకాదు. తనకి మొదటావిడా లేదు, రెండో ఆవిడా లేదు, నువ్వొక్కదానివే అని ప్రమాణాలు చేస్తుంటే, అడగకుండానే రెండో ఆవిడ దాకా ఎందుకెళ్లారని భార్య నిలదీసింది. పెయింటర్ వెళ్లిపోవాలా ఉండాలా తేల్చుకోలేక, టేపు చుట్టడం మొదలుపెట్టి చాలాసేపు చుట్టాడు. ఒక సంసారం తన చేతుల మీదుగా కూలిపోతోందని ఫొటోగ్రాఫర్‌కి అర్థమైంది. ఎన్నో పెళ్లిళ్లు దగ్గరుండి చూశాడు గానీ, ఒకటి విరగడం ఇంత దగ్గర్నించి చూడలేదు.

ఇద్దరూ గదిలోకి రాగానే ఆవిడ చెయ్యి చాపింది. "ఇవ్వండి."

ఇచ్చాడు. కాగితం చింపి, ఫొటో టేబుల్ మీద పేపర్ల పక్కన పెట్టి, చాలాసేపు చూసింది.

పెయింటర్ మెడ చాచి చూశాడు. "ఎంత అందగత్తె. పాపం, చిన్న వయసులోనే పోయింది."

"పోయింది నేనేనండి," అందావిడ.

ఎవరికీ అర్థం కాలేదు. ఆవిడ ఎడమచెయ్యి ఫొటో పక్కన ఆనించింది. చిటికెన వేలు కొసన లోపలికి వంకర తిరిగి ఉంది. ఫొటోలో కుర్చీ మీద ఆనించిన చిటికెన వేలూ అదే వంకర. పదేళ్ల కిందట కంప్యూటర్ ముందు కూర్చుని ఆ మొహాన్ని కోలగా నొక్కిన మనిషి, పుట్టుమచ్చ తుడిచేసి, పళ్ల సందు పూడ్చిన మనిషి, చేతుల దాకా రాలేదు.

అప్పుడు ఫొటోగ్రాఫర్‌కి అంతా గుర్తొచ్చింది. చేయమని పెళ్లికూతురు అడగలేదు, వాళ్లింట్లోనూ ఎవరూ అడగలేదు. కొత్తగా నేర్చుకున్న విద్య, చెయ్యి ఊరుకోక చేశాడు. పదేళ్లుగా షాపులో తను రోజూ చూసి మురిసిపోతున్నది తన పనితనాన్నే. ఈ లోకంలో లేని మనిషిని గుర్తుపెట్టుకుని, ఉన్న మనిషిని గుమ్మంలో చూసి పరాయిదనుకున్నాడు.

"ఆల్బమ్ బీరువా అడుగున పెట్టేశాను," అందావిడ. "ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ ఈవిడెవరని అడిగేవాళ్లు. మా అబ్బాయి కూడా అడిగాడు. మీరు ఎప్పుడైనా కనపడితే ఒక్క మాట అడగాలని నాకు. నా మొహంలో ఏం తప్పు కనిపించింది మీకు?"

లెక్కల టీచరు అడిగితే జవాబు ఉండాలి.  మీ మొహంలో ఏమీ లేదు, తప్పు నాదేనని ఫొటోగ్రాఫర్ ఒప్పుకున్నాడు. అప్పటికి తేరుకున్న మాస్టారు, అందుకే కదా పాతది తెమ్మన్నాను అని మొదలుపెట్టాడు. రెండూ పక్కపక్కన పెడితే తను చేసుకున్నది ఎవరినో నలుగురికీ తెలుస్తుందని ఆయన ఆశ. అది విని ఆవిడ మొహం తిప్పుకుని కళ్లు తుడుచుకుంది. కాసేపటికి మాస్టారు ఫొటో మీదికి వంగి, నా ముక్కు జోలికి ఎందుకు రాలేదండీ, అది ఇంత పెద్దగా ఉంది కదా అని నిష్ఠూరంగా అడిగాడు.

కిటికీ పక్కన కుర్చీ వేశారు. ఆవిడ చెయ్యేసి నిలబడింది, మాస్టారు ఆవిడనే చూశాడు. గడ్డం కొంచెం పైకి అనబోయి ఫొటోగ్రాఫర్ నోరు నొక్కుకున్నాడు. ఆవిడ పళ్ల సందు కనపడేలా నవ్వింది. ఇంటికెళ్లాక ఆ ఫొటోలో ఒక్క చుక్క కూడా ముట్టుకోలేదు. బోర్డు మాత్రం మాస్టారికి తప్పలేదు. పెయింటర్ కొలతలు తీసేసుకున్నాడు.

ప్రదర్శనలో అందరూ ఆ జంట దగ్గరే ఆగారు. రెండు ఫొటోల్లోనూ ఉన్నది ఒక్కావిడేనని ఫొటోగ్రాఫర్ చెబితే ఒక్కరూ నమ్మలేదు. రెండో ఆవిడే చూడముచ్చటగా ఉందని కొందరు, ఎంతైనా మొదటావిడ అన్యాయమైపోయిందని కొందరు, మాస్టారిని తిట్టుకుంటూ ముందుకెళ్లారు. సాయంత్రానికి చెప్పి చెప్పి ఫొటోగ్రాఫర్ గొంతు పోయింది. అప్పుడొచ్చింది, ఆయన వీధిలోనే కాపురముండే ఒక పెద్దావిడ. పాత ఫొటో ముందు నిలబడి కళ్లొత్తుకుని, "ఆ మొదటావిడ ఇప్పుడు ఎక్కడుందో నాయనా," అంది.

"మా షాపులోనే ఉందండి," అన్నాడు ఓపిక లేక.

ఆ మాట ఆయన కంటే ముందే ఇల్లు చేరింది.