సీతాలు చోట్లో సీతాలు బొమ్మ

మనుషుల కంటే వాళ్ళ బొమ్మలే ఊరికి ఎక్కువ మేలు చేస్తాయి! కోప్పడకండి. ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగం చేసి రిటైరై, ప్రస్తుతం విశాఖ బ్రాండింగ్ సలహా సంఘంలో సీనియర్ సిటిజన్ సభ్యుడిగా ఉన్నవాడిని. ఏ మాటైనా ఆలోచించే అంటాను.

బ్రాండింగ్ అంటే ఏమిటంటారా? ఊరికో ముఖం తయారుచేయడం. ఇప్పటిదాకా మన ఊరికి ముఖం లేదా? ఉంది. కానీ దానికి చెమట పడుతుంది, మసి అంటుతుంది, చేపల వాసన వేస్తుంది. అలాంటి ముఖాన్ని బ్రోచర్ మీద ఎలా వేస్తాం చెప్పండి?

మా మొదటి మీటింగుకి ఏజెన్సీ తరఫున ఇంద్రజ అనే అమ్మాయి వచ్చింది. చురుకైన పిల్ల. "ఈ సిటీ అథెంటిక్ ఐడెంటిటీ ఏమిటో మీరే చెప్పాలి సార్" అంది. పోర్టులో పనిచేసినాయన ఓడ అన్నాడు. నేను ఉక్కు అన్నాను. వన్ టౌన్ హోల్‌సేల్ వ్యాపారి శ్రీరామ్మూర్తి గారు బాగా ఆలోచించి, బీచిలో అమ్మే మరమరాల మురీ మిక్స్చర్ అన్నారు. అమ్మాయి అన్నీ శ్రద్ధగా రాసుకుని, ముందే గీయించి తెచ్చిన లోగో చూపించింది. నీలంరంగులో ఒక వంకర గీత. మనకది కెరటమట. కిందటేడు ఇంకెక్కడో కొండల ఊరికి ఇచ్చినప్పుడు అదే కొండట! ఎంత పొదుపు! అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేనే.

ఆ తర్వాత అసలు పని మొదలైంది. భీమిలి వెళ్ళే దారిలో ఒక ఒడ్డున 'అచ్చమైన గంగపుత్రిక' విగ్రహం పెట్టాలని తీర్మానించాం. మోడల్ కోసం వెతకనక్కర్లేకపోయింది. ఆ ఒడ్డునే సీతాలు చేపలమ్ముతుంది. ఆమె భర్త సూరన్న పడవ మీద వెళ్ళి పట్టుకొస్తాడు, ఆమె అక్కడే కూర్చుని అమ్ముతుంది. ఎంత దూరమైనా మా ఇంటికి వంజరం చేప ఎప్పుడూ ఆమె దగ్గరే. శిల్పి వచ్చి ఫొటోలు తీసి కొలతలు పట్టుకెళ్ళాడు.

సీతాలు మురిసిపోయింది. "నన్ను బొమ్మ సేత్తన్నారంట బాబూ! మావోడు ఒకటే నవ్వు. ఒకర్తితోనే ఏగలేకపోతన్నాను, ఇంకోర్తి కూడానా అంతన్నాడు!"

బొమ్మ వచ్చింది. మనిషికి రెండింతల ఎత్తు. ఫైబర్ నడుము సన్నగా ఉంది, ఫైబర్ చీర మెరుస్తోంది, నెత్తి మీద తట్టలో ఫైబర్ చేప కూడా నవ్వుతోంది. ముఖం మాత్రం అచ్చం సీతాలుదే. దాన్ని ఎక్కడ పెట్టాలి? వెనకాల సముద్రం బాగా పడే చోట పెట్టాలి కదా! ఆ చోటు సీతాలు కూర్చునేది. కనుక సీతాల్ని లేపి, రోడ్డుకి అవతల ట్రాన్స్‌ఫార్మర్ వెనక్కి పంపించాం.

ఇందులో తప్పేముంది? బొమ్మ గట్టిగా అరవదు. తూకం దగ్గర పేచీ పెట్టదు. ముక్కు మూసుకోకుండా పక్కన నిలబడి సెల్ఫీ తీసుకోవచ్చు!

కానీ ట్రాన్స్‌ఫార్మర్ వెనక్కి ఎవరొస్తారు? సరుకు మిగిలిపోయి, ఎండబెట్టుకోవలసి వచ్చింది. సీతాలు రెండు బస్సులు మారి మా ఇంటికొచ్చి గుమ్మంలో కూలబడింది.

"అది నానే అంతన్నారు కదా బాబూ? మరి నన్నెందుకు లెగ్గొట్టేసినారు?"

ఓపిగ్గా చెప్పాను. "చూడు సీతాలూ, నువ్వు ముడిసరుకువి. అది ఫినిష్డ్ ప్రొడక్టు. ఇనుప రాయిని ఎవరైనా షోకేసులో పెడతారా?"

"నాను రాయినేటి?" అంది. ఆ ముఖం చూశాక నాకు మధ్యాహ్నం అన్నం సయించలేదు. ఎండ వేడిమి వల్లనే అయివుంటుంది.

ప్రారంభోత్సవం రోజు రిబ్బన్ కత్తిరించాక ఒక విలేకరి పేచీ పెట్టాడు. బొమ్మ పక్కన అసలు మనిషి కూడా ఫొటోలో ఉండాలన్నాడు. ఇంద్రజ పరుగున వెళ్ళి సీతాల్ని పిలుచుకొచ్చింది. నెత్తి మీద చేపల బేసినుతోనే వచ్చింది సీతాలు. శాలువా కప్పారు, ఫొటోలు తీశారు, అయిపోయింది. బొమ్మకి కాపలా ఉన్న కోటి, "ఇంక పదమ్మా, బొమ్మ దగ్గర ఎవరూ ఉండకూడదు" అన్నాడు.

సీతాలు కదల్లేదు. బేసిను దించింది. బొమ్మ రంగు వెలిసిపోకుండా వేసిన రేకుల నీడలో చతికిలబడింది. బొమ్మని కడగడానికి పెట్టిన కుళాయి తిప్పి, శుభ్రంగా చేపలు కడిగింది.

"లెగమంటంటే!" అన్నాడు కోటి.

"ఎవురూ ఉండకూడదంతావేటి? నాను ఎవురో ఏటి? పైకి సూడు బాబూ. ఇప్పుడు నాకేసి సూడు. నాకాడ నాను కూకోకూడదా?"

కోటి పైకి చూశాడు. కిందికి చూశాడు. మళ్ళీ పైకి చూశాడు. పాపం, కాపలా కాయమన్నది ఈ ముఖాన్నే కదా! చుట్టూ జనం ఘొల్లుమన్నారు. అంతలో ఎవరో "వంజరం ఎంత?" అని అడిగారు. అంతే, బేరం మొదలైంది.

ఇంద్రజ హెడ్డాఫీసుకి ఫోన్ చేసి, నవ్వుకుంటూ వచ్చింది. సీతాల్ని 'లైవ్ ఇన్‌స్టలేషన్' కింద, అంటే ప్రాణమున్న ప్రదర్శనగా, ఆమోదించారట! తక్కెడ కనబడకూడదు, ధరలు అరవకూడదు, అంతే షరతులు. సీతాలు రెండింటికీ బుద్ధిగా తలూపి, ఆ వెంటనే తక్కెడ పైకెత్తి, పడవ మీద సూరన్నకి వినబడేలా ధర అరిచింది. ఇప్పటికీ అక్కడే కూర్చుంటోంది.

ప్రారంభోత్సవం మర్నాడే, ఆమెతోపాటు చేపలమ్మే సన్యాసమ్మ నన్ను పట్టుకుంది. "బాబూ, ఒడ్డుకాడ నీడ కావాల, కుళాయి కావాలని ఎన్నేళ్ళు తిరిగినాం, ఎవులేనా ఇన్నారా? బొమ్మొచ్చిందో నేదో లైట్లు కూడా వచ్చేసినాయి. నాకూ ఒక బొమ్మ ఏయించండి బాబూ, పున్నెముంటాది!"

చూశారా, ఎంత దూరదృష్టి! అప్పటినుంచి నాకూ ఒకటే ధ్యాస. దువ్వాడలో మా వీధికి మంచినీళ్ళు రావు, దీపం వెలగదు, అర్జీలన్నీ పరిశీలనలో ఉన్నాయి. అందుకని సలహా సంఘానికి సవినయంగా ఒక ప్రతిపాదన పెట్టాను. మా వీధి మొదట్లో 'అచ్చమైన విశాఖ పౌరుడు' అని నా విగ్రహం ఒకటి పెట్టించండి. పొట్ట తగ్గించి చేసినా అభ్యంతరం లేదు.

నీళ్ళు మాత్రం రోజూ ఆ విగ్రహానికే ఇవ్వండి. బిందె నేను పట్టుకుంటాను.